పది రోజులు చూడమన్నది కుక్కని, సూది ఆపమని కాదు (జంతువుల జబ్బులు: అపోహలు - వాస్తవాలు)

నిన్న రాత్రి పదకొండింటికి గోపాలపట్నం నుంచి ఫోను. "డాక్టర్ గారూ, మా బాబుని వీధి కుక్కపిల్ల రక్కిందండి, కొంచెం రక్తం కూడా వచ్చింది, నాలుగు రోజులైంది. అది బాగానే తిరుగుతోంది కదా, ఇంకో ఆరు రోజులు చూసి అప్పుడు ఇంజెక్షన్ చేయిద్దామా?" అని ఆవిడ అడిగారు. నేను పశువుల డాక్టర్ని, వైజాగ్‌లో పదమూడేళ్ళుగా ప్రాక్టీసు, ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు, భయపడే కదా అడుగుతున్నారు. "పది రోజులు ఆగి చూడండి, ఏం కాదు" అని చెప్పి పంపేసేవాళ్ళ మీదే నా కోపమంతా.

ఈ పది రోజుల లెక్క అసలు ఎక్కడిదో చెప్తాను. రేబిస్ పట్టిన కుక్కలో వైరస్ ముందు మెదడుకి చేరి అక్కణ్ణుంచి లాలాజలంలోకి దిగుతుంది, జబ్బు బయటపడ్డానికి కొద్ది రోజుల ముందే చొంగలో ఉంటుంది, ఇక జబ్బు బయటపడిందంటే ఆ కుక్క కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. అంటే కరిచిన పదో రోజుకి కూడా కుక్క హుషారుగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేదన్నమాట. అప్పుడు డాక్టర్ని అడిగి మిగతా డోసులు ఆపుకోవచ్చు. ఆపుకోడానికి పెట్టిన లెక్క అది, మొదలుపెట్టడానికి కాదు. మొదటి సూది కరిచిన రోజే పడాలి. పైగా ఈ లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే, కోతి కరిచినా ఆవు కరిచినా ఇది చెల్లదు. వీధి కుక్కయితే మూడో రోజుకి ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ఎందుకంత తొందరంటే, మనిషి ఒంట్లోకి వెళ్ళిన వైరస్ నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, అరుదుగా వారంలోనే, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా బయటపడుతుంది. ముఖం మీద, తల మీద, వేళ్ళ మీద కాటు పడితే ఇంకా ప్రమాదం, చిన్నపిల్లలు కుక్క ఎత్తులోనే ఉంటారు కాబట్టి వాళ్ళకి కాటు ముఖం మీద పడే అవకాశం ఎక్కువ. నీళ్ళు చూస్తే గొంతు పట్టేసే దశ వచ్చాక ఎంత పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళినా బతకడం దాదాపు ఉండదు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవ్వడానికి వారం పైనే పడుతుంది, ఆ మధ్యలో కాపు కాయడానికే రక్తం వచ్చిన గాయానికి ఇమ్యూనోగ్లోబులిన్ అని ఇంకో ఇంజెక్షన్ గాయంలోనే వేస్తారు. అది చిన్న ఆసుపత్రుల్లో లేకపోతే వైజాగ్‌లో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్ళండి, "టీకా వేశారు కదా చాలు" అని ఇంటికి వచ్చెయ్యొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలో వేసే టీకా, మొదటి సూది పడిన రోజుని 0 అనుకుంటే, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, డబ్బులు కట్టక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి. రెండు నిమిషాలు కాదు, గడియారం చూసి పావుగంట. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విరిచేస్తుంది.

నా చిన్నప్పుడు చోడవరం దగ్గర మా ఊళ్ళో కుక్క నా పిక్క పట్టుకుంది. మా మామ్మ ప్రేమకొద్దీ కారం నూనెలో కలిపి పెట్టేసింది, ఆ మంట ఇప్పటికీ గుర్తే. తర్వాత నాన్న బస్సులో అనకాపల్లి తీసుకెళ్తే రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ సూదులు వేశారు. గొర్రె మెదడుతో చేసే ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది, కానీ ఆ బొడ్డు సూదుల భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి పోకుండా పసరు మందు తాగి పథ్యం చేసేవాళ్ళని చూస్తున్నాను. ఇప్పుడు వేసేది భుజానికండీ, మామూలు సూదే.

ఇంకోటి, పిచ్చికుక్కంటే నురగ కక్కుతూ మీద పడేదే అనుకుంటారు. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం గాజువాక నుంచి ఒక కుటుంబం పెంపుడు కుక్కని తెచ్చారు, "గొంతులో ఎముక ఇరుక్కుంది డాక్టర్ గారూ, నోరు మూయట్లేదు, నీళ్ళు మింగట్లేదు" అని. దవడ వేలాడిపోయి ఉంది, ఓ మూల నక్కి కూర్చుంది. అప్పటికే తండ్రీ ఇద్దరు కొడుకులూ వేళ్ళు నోట్లో పెట్టి ఎముక కోసం వెతికేశారు. ఎముక లేదు, రేబిస్‌లో పక్షవాతం రకం అది, దవడ పడిపోతుంది. రెండు రోజుల్లో చచ్చిపోయింది. ఆ ముగ్గుర్నీ ఆ రోజే ఆసుపత్రికి పంపించాను, ముగ్గురూ ఇప్పుడు బాగున్నారు. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం "మన కుక్కే కదా బాబూ, ఏటవుద్ది" అంటూనే ఉంది. మన కుక్కయినా దానికి ఏటేటా టీకా పడాలి, ఆ ఇంట్లో రెండేళ్ళుగా వేయించలేదు. కొందరు కుక్క కరిచాక దాన్ని నా దగ్గరికి తెచ్చి "దీనికి టీకా వేసెయ్యండి, మాకు ఏం కాదు" అంటారు, కుక్కకి వేసిన సూది మీ గాయాన్ని ఎలా కాపాడుతుంది?

దీనికి పూర్తిగా తలకిందులుగా, అక్కర్లేని చోట పరుగులు పెడతారు. ఆనందపురం వైపు ఒక ఊళ్ళో పాడి ఆవు రేబిస్‌తో చచ్చిపోతే దాని పాలు తాగిన ఇళ్ళన్నీ టీకా కోసం లైన్లో నిలబడ్డాయి, పాపం బాలింతలు కూడా. కాచిన పాలతో, ఆ పాల టీతో రేబిస్ రాదు. ఆవు నోట్లో చెయ్యి పెట్టి మందు తాగించిన పాలేరుకి మాత్రం సూది కావాలి, అతన్ని ఎవరూ పిలవలేదు, నేనే వెతికి పంపాను. పచ్చిపాలు మాత్రం తాగొద్దు, బ్రూసెల్లా జ్వరం లాంటివి వాటితో వస్తాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అనగానే ఇక్కడ కూడా చికెన్ మానేశారు, బాగా ఉడికిన కోడీ గుడ్డూ తింటే ఏం కాదు, చచ్చిన కోళ్ళని చేత్తో ముట్టుకోవడమే ప్రమాదం. కోడలు నెల తప్పింది, కడుపులో బిడ్డకి పిల్లి నుంచి జబ్బు తగులుతుందని భయపడి పిల్లిని బయటికి గెంటెయ్యక్కర్లేదు, పిల్లి దొడ్డికి వెళ్ళిన మట్టిని ఇంకొకరు రోజూ తీసేస్తే చాలు, సగం ఉడికిన మాంసం తినకూడదు. ఇంట్లో ఎలుక కరిస్తే మామూలుగా రేబిస్ టీకా అక్కర్లేదు, వానాకాలం నీళ్ళలో కలిసే ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్నే చూసుకోవాలి, కాలికి పుండ్లుంటే ఆ నీళ్ళలో దిగొద్దు. ఏజెన్సీ వైపు వాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఉన్నట్టుండి చచ్చిన పశువు ముక్కులోంచి నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, కోయొద్దు, తినొద్దు, పశువుల ఆసుపత్రికి చెప్పండి.

గోపాలపట్నం అమ్మ ఇవాళ పొద్దున్నే మెసేజ్ పెట్టారు, బాబుకి మొదటి డోసూ గాయంలో వేసేదీ రెండూ పడ్డాయట. నాలుగు రోజులు ఆలస్యమైంది, అయినా ఆలస్యమైందని మానెయ్యకూడదు, గుర్తొచ్చిన రోజే వెళ్ళాలి. కుక్కపిల్లని వీధిలో పిల్లలంతా ఎత్తుకుని ఆడారట, వాళ్ళ సంగతేంటని అడిగారు. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే నాకినా ఏం కాదు, కానీ ఎవరికైనా గీత గానీ పుండు గానీ ఉందేమో ఒక్కొక్కళ్ళ చేతులూ కాళ్ళూ వెలుతురులో చూడమన్నాను. సాయంత్రానికి ఇంకో ఇద్దరు పిల్లల పేర్లు పంపారు.