పట్టాల మీద వంతెన, బోగీ ముందు మెట్టు: సికింద్రాబాద్ స్టేషన్ ఇలా ఎందుకుంది?

సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మాట రాగానే అంకెలు ముందుకొస్తాయి. 720 కోట్ల రూపాయలు, పట్టాల పైన 108 మీటర్ల వెడల్పున రెండంతస్తుల కాన్‌కోర్సు (ప్రయాణికులు నడిచే, వేచి ఉండే విశాలమైన హాలు), 26 లిఫ్టులు, 32 ఎస్కలేటర్లు, 2 ట్రావెలేటర్లు (కదిలే నడకబాటలు). 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేసిన పనుల ప్రణాళికలో ఉన్నవి ఇవి. ఇవన్నీ కావలసినవే, ఎప్పుడో రావలసినవే. అయితే వీల్‌చైర్‌లో వచ్చే మనిషికి, మోకాళ్లు అరిగిపోయిన పెద్దావిడకి, చూపు లేని విద్యార్థికి స్టేషన్ అంటే ఆటో దిగిన చోటు నుంచి బెర్తు దాకా ఉన్న మొత్తం దారి. అందులో ఒక్కచోట తెగినా మిగతాదంతా ఉండీ లేనట్టే. ఆ దారి ఎక్కడ తెగుతోందో, ఎందుకు తెగుతోందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం 1874 అక్టోబరులో మొదలైంది. బొంబాయి, మద్రాసులను కలిపే లైను వాడి మీదుగా పోతుంది. దానికి నిజాం రాజ్యాన్ని, బ్రిటిష్ కంటోన్మెంటును కలపడమే అప్పటి అవసరం. డబ్బు నిజాం సర్కారుది. స్టేషన్ మాత్రం హైదరాబాద్ నగరంలో కాకుండా దండు (కంటోన్మెంటు) పక్కన వెలిసింది. అందుకే దాని ముఖం ఇప్పటికీ మోండా మార్కెట్, రెజిమెంటల్ బజార్ వైపే ఉంది. 1889 నాటికి లైను వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. అప్పటి నుంచి సికింద్రాబాద్ రైళ్లు ఆగిపోయే ఊరు కాదు, దాటిపోయే ఊరు. తర్వాతి కష్టాలన్నిటికీ మూలం ఇక్కడుంది.

నాంపల్లితో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. 1907 నాటి నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు గోడ దగ్గర ఆగిపోతాయి. పట్టాలు ఆగిన చోట ముందు నుంచి నడిచివెళ్లి కావలసిన ప్లాట్‌ఫారం పట్టుకోవచ్చు, మెట్లతో పని లేదు. సికింద్రాబాద్‌లో పట్టాలు ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోతాయి. మోండా మార్కెట్ వైపు ఒకటో నంబరు, భోయిగూడ వైపు పదో నంబరు. మధ్యలో ఎక్కడికి చేరాలన్నా పట్టాల మీద నుంచో, కింద నుంచో దాటాల్సిందే. బయటి రోడ్డు మీద చుట్టి వద్దామంటే ఒలిఫెంటా బ్రిడ్జి దగ్గరి ఇరుకు ట్రాఫిక్‌లో పడాలి. రైలు పదో నంబరు మీద ఉందని తెలియక ఒకటో నంబరు వైపు దిగిన కుటుంబం సామానుతో ఎంత అవస్థ పడుతుందో జంటనగరాల్లో చాలామందికి తెలుసు.

పైగా ఈ స్టేషన్ ఒక్క గీతలో గీసిన నమూనా కాదు. 1899, 1901 మధ్య మన్మాడ్ వైపు మీటర్ గేజ్ లైను వచ్చింది. బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., మీటర్ గేజ్‌కు 1000 మి.మీ. బోగీల ఎత్తులు వేరు, ప్లాట్‌ఫారాల కొలతలు వేరు, యార్డులు వేరు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ చేతి నుంచి తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ కేంద్రమైంది. 1990ల నుంచి మీటర్ గేజ్ లైన్లు బ్రాడ్ గేజ్‌గా మారాయి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాయి. ప్రతి మార్పుకూ ఉన్న స్థలంలోనే సర్దుకుంటూ వచ్చారు. రోజువారీ రైళ్లను ఆపకుండా పని చేయాలంటే అంతకన్నా దారి లేదు, నిజమే. కాని సర్దుబాటు జరిగిన ప్రతిసారీ ముందు చూసింది రైలుకు చోటు. మనిషి దారి ఆ తర్వాత మాట.

ఇక వంతెన లెక్క. 25 కిలోవోల్టుల కరెంటు తీగలున్న చోట ఫుట్‌ఓవర్ బ్రిడ్జి అడుగుభాగం పట్టాల మీద నుంచి కనీసం 6.25 మీటర్ల ఎత్తులో ఉండాలి. దూలాల మందం కలిపితే నడిచే తలం దాదాపు 6.8 మీటర్లకు పోతుంది. ప్లాట్‌ఫారం ఎత్తు 0.84 మీటరు తీసేసినా ఎక్కవలసింది ఆరు మీటర్లు. మెట్టుకు 15 సెం.మీ. చొప్పున నలభై మెట్లు. అవతల మళ్లీ నలభై దిగాలి. మెట్ల బదులు ర్యాంపు కడదామంటే ప్రమాణం 1:12, అంటే ఒక మీటరు ఎక్కడానికి పన్నెండు మీటర్ల పొడవు. ఆరు మీటర్లకు 72 మీటర్లు. ప్రతి 75 సెం.మీ. ఎత్తుకు ఒక చదును, అంటే మధ్యలో ఏడు, ఒక్కోటి మీటరున్నర. అంతా కలిపి 80 మీటర్లు దాటుతుంది. ప్లాట్‌ఫారం మధ్యలో అంత ర్యాంపు పెడితే రెండు పక్కలా మనుషులు నడిచే వెడల్పు మింగేస్తుంది. అందుకని పాత స్టేషన్లలో ర్యాంపులను నిటారుగా లేపేవారు. బండి మీద పార్సిళ్లు లాగే హమాలీకి అది చాలు. వీల్‌చైర్‌ను నెట్టేవాళ్లకు చాలదు: ఎక్కేటప్పుడు ఇద్దరు కావాలి, దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి ఆపుకుంటూ దింపాలి. అందుకే ఇలాంటి స్టేషన్‌లో లిఫ్టు సౌకర్యం కాదు, అదే దారి. ఎస్కలేటర్ ఎన్ని పెట్టినా వీల్‌చైర్‌కు పనికిరాదు. చేతికర్రతో నడిచేవాళ్లకు, బరువు మోసేవాళ్లకు కూడా ప్రమాదమే.

లిఫ్టులు లేని రోజుల్లో, ఉన్నవి పని చేయని రోజుల్లో జరిగేది ఇంకొకటి. ప్లాట్‌ఫారం చివర సరుకు బండ్ల కోసం పట్టాల మీదుగా వేసిన దారి ఉంటుంది, దాన్ని ట్రాలీ పాత్ అంటారు. పోర్టరు వీల్‌చైర్‌ను ఆ దారిన దాటిస్తాడు. రెండు వైపులా చూసేందుకు ఒక మనిషి తోడుంటే సరే, లేకపోతే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముందు చక్రాలు పట్టా పక్క సందులో పడితే కుర్చీ ముందుకు తూలుతుంది. అందుకే తెలిసిన పోర్టరు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దాటేలా లాగుతాడు.

చట్టం వైపు చూస్తే మాటలకు కొదవ లేదు. 1995 వికలాంగుల చట్టం రవాణాలో వివక్ష ఉండకూడదంది. కాని 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న షరతు తగిలించింది. స్టేషన్లలో ఏమేం ఉండాలో రైల్వే ఒక జాబితా పెట్టుకుంది: గుమ్మం దగ్గర ర్యాంపు, కనీసం రెండు వాహనాలకు పార్కింగ్, అక్కడి నుంచి భవనం దాకా జారని బాట, కనిపించే బోర్డులు, ఒక మరుగుదొడ్డి, ఒక కుళాయి, సహాయ కేంద్రం. ఇవి స్వల్పకాలిక సౌకర్యాలు. ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి చేర్చే ఏర్పాటు దీర్ఘకాలిక జాబితాలోకి వెళ్లింది. అసలు ఇబ్బంది ఉన్నది అక్కడే, వాయిదా పడింది కూడా అదే. 2015 డిసెంబరు 3న, బహిరంగ స్థలాలను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలన్న కేంద్ర కార్యక్రమం సుగమ్య భారత్ అభియాన్ మొదలైంది. 2016లో కొత్త చట్టం వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమలైంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఒక కీలకమైన లోపాన్ని ఎత్తి చూపింది: చట్టం తప్పనిసరి ప్రమాణాలు అడుగుతుంటే, 2017 నిబంధనల్లోని 15(1)వ నిబంధన ఉత్త మార్గదర్శకాలతో సరిపెడుతోందని, అది చెల్లదని చెప్పింది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. పాటించకపోయినా ఎవరూ అడగని సలహాకు, పాటించి తీరాల్సిన కొలతకు ఉన్న తేడా స్టేషన్‌లో ప్రతి గుమ్మం దగ్గరా కనిపిస్తుంది. 45 సెం.మీ. గట్టుకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. స్థలం లేదని రెండు మీటర్లలో ముగిస్తే అది సిమెంటు పూసిన జారుడుబల్ల అవుతుంది.

వంతెన దాటి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక బోగీ ఎక్కడం ఉంటుంది. దీని గురించి తక్కువ మాట్లాడతారు. బ్రాడ్ గేజ్‌లో ఎత్తయిన ప్లాట్‌ఫారం అంటే పట్టాల మీద నుంచి 760 నుంచి 840 మి.మీ. పాత కొలతల్లో రెండడుగుల ఆరంగుళాల నుంచి రెండడుగుల తొమ్మిదంగుళాలు. బోగీ నేల సుమారు 1300 మి.మీ. ఎత్తులో ఉంటుంది. కొత్తగా కట్టిన మంచి ప్లాట్‌ఫారం మీద కూడా తేడా 46 సెం.మీ., మోకాలెత్తు. మధ్యలో ఇనుప మెట్టు ఉంటుంది. చేతులతో రెండు కడ్డీలు పట్టుకుని ఒంటి బరువును పైకి లాక్కోగలిగితేనే లోపలికి చేరతారు. చేతిలో కర్రో సంచో ఉంటే ఒక కడ్డీ వదలాల్సిందే.

ఈ తేడా అలాగే ఉండిపోదు, పెరుగుతుంది కూడా. పట్టాల కింద కంకర ఏటా కుంగుతుంది. దాన్ని మళ్లీ కూరి సర్దిన ప్రతిసారీ పట్టాలు కొద్దికొద్దిగా లేస్తాయి. ప్లాట్‌ఫారం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 840తో మొదలైనది కొన్నేళ్లకు 780కి దిగినా పైకి చూస్తే తెలియదు, ఎక్కే మనిషి కాలికి తెలుస్తుంది. పట్టాలను కాంక్రీటులో బిగించిన లైన్లలో, అంటే కడగడానికి వీలుగా ఏప్రన్ కట్టిన చోట, ఈ బాధ లేదు. ముంబై లోకల్ స్టేషన్లలో ప్రమాదాల తర్వాత ప్లాట్‌ఫారాలను 900, 920 మి.మీ. దాకా పెంచారు. దూరప్రాంతపు రైళ్లు, గూడ్సు బండ్లు కూడా నడిచే లైన్ల పక్కన ఇష్టమొచ్చినంత పెంచడానికి వీల్లేదు. బోగీ బయటి మెట్లు, వ్యాగన్ల తలుపులు, వెడల్పు సరుకు తగలకుండా చూడాలి. కాబట్టి మార్పు బోగీ వైపు నుంచి కూడా రావాలి. వందే భారత్ తలుపు కింద బయటికి జరిగే పలక ఆ దిశలో వేసిన అడుగు. పలక సందును పూడుస్తుంది, ఎత్తు తేడాను పూర్తిగా తీసేయదు.

ఇదే స్టేషన్‌కు నడక దూరంలో మెట్రో ఉంది. సికింద్రాబాద్ ఈస్ట్ 2017 నవంబరులో, వెస్ట్ 2020 ఫిబ్రవరిలో తెరుచుకున్నాయి. అక్కడ ప్లాట్‌ఫారం, బోగీ నేల ఒకే మట్టంలో ఉంటాయి. వీల్‌చైర్ ఎవరి సాయం లేకుండా లోపలికి దొర్లుతుంది. అలా వచ్చినవాళ్లు మెట్రో లిఫ్టు దిగి రోడ్డు మీదికి రాగానే బస్సులు, ఆటోలు, తోపుడుబండ్ల మధ్య పడతారు. మెట్రోను స్టేషన్‌తో పైవంతెనలతో కలపడం కొత్త ప్రణాళికలో ఉన్నవాటిలో అన్నిటికన్నా విలువైన పని. కొత్త భవనం సగం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈ ఒక్కటీ ముందు పూర్తయితే బాగుండు.

దివ్యాంగుల బోగీ కథ కూడా ఇందులో భాగమే. పాత నీలం బోగీల రైళ్లలో గార్డు పెట్టెకు ఆనుకుని దివ్యాంగులకు చోటు ఉండేది, ఆ బోగీని ఎస్‌ఎల్‌ఆర్‌డీ అంటారు. దాని తలుపు వెడల్పు 920 మి.మీ., లోపల పట్టుకునే కడ్డీలున్న పెద్ద మరుగుదొడ్డి. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీల రైళ్లు వచ్చినప్పుడు రెండు చివరలా జనరేటర్ బోగీలు పెట్టడంతో చాలా రైళ్లలో ఆ చోటు పోయింది. తర్వాత ఇంజిన్ నుంచే కరెంటు తీసుకునే పద్ధతి రావడంతో ఒక జనరేటర్ బోగీ స్థానంలో ఎల్‌ఎస్‌ఎల్‌ఆర్‌డీ పేరుతో దివ్యాంగుల చోటున్న బోగీ తిరిగి వచ్చింది. అది ఎప్పుడూ చివరే ఉంటుంది. 24 బోగీల రైలు 570 మీటర్ల పైమాటే. లిఫ్టు ప్లాట్‌ఫారం నడిమధ్య ఉంటే రెండున్నర, మూడు వందల మీటర్లు పోవాలి. రైలు ఎటు తిరిగి వచ్చిందన్నదాన్ని బట్టి ఆ బోగీ ముందుండొచ్చు, వెనకుండొచ్చు. కోచ్ డిస్‌ప్లే తప్పు చూపినా, చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చినా మామూలు ప్రయాణికుడు పరుగెత్తుతాడు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకు రైలు పోయినట్టే. తీరా చేరాక ఆ పెట్టె లోపలి నుంచి గడియ వేసి ఉండటం, ఇతరులు నిండిపోయి ఉండటం కొత్తేమీ కాదు.

నేల మీద పరిచిన పసుపు పలకలను ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. పొడవు గీతలున్నవి 'ఇటు నడువు' అని, బొడిపెలున్నవి 'ఆగు' అని చెబుతాయి. చూపు లేనివాళ్లు కర్ర కొనతో, చెప్పు అడుగుతో చదివే అక్షరాలవి. వాటి మీద నీళ్ల సీసాల కేసులు పేర్చినా, పార్సిల్ మూటలు దించినా, పగిలిన పలక స్థానంలో నున్నటిది అతికించినా ఆ వాక్యం సగంలో తెగుతుంది. దీన్ని బాగు చేయడానికి కోట్లు అక్కర్లేదు, రోజూ ఒకసారి చూసే మనిషి ఉంటే చాలు.

ప్రస్తుతానికి స్టేషన్ సగం నిర్మాణ స్థలం. 2025 మొదట్లో కమానుల పాత ముఖభవనాన్ని కూల్చారు. అదే ఏడాది చాలా రైళ్లను చర్లపల్లి, కాచిగూడ, నాంపల్లికి మళ్లించారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది, అక్కడికి మెట్రో లేదు. కాబట్టి టికెట్ మీద స్టేషన్ పేరు ముందు చూసుకోవాలి. బయల్దేరే ముందు రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసి రైలు ఎక్కడి నుంచి పోతుందో అడగాలి. ప్లాట్‌ఫారం తెలిశాక మోండా వైపు దిగాలా, భోయిగూడ వైపా అన్నది ఆటో ఎక్కకముందే తేల్చుకోవాలి. రైల్వే వీల్‌చైర్‌కు అద్దె లేదు, డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ కార్యాలయంలో అడగాలి. నెట్టే పోర్టరుకు నిర్ణయించిన కూలి మాత్రం ఇవ్వాలి. పనుల వల్ల లిఫ్టు దారులు మారుతున్నాయి కనుక గంట ముందు చేరడం మంచిది. బోగీ దగ్గర కుర్చీని రైలుకు పక్కగా ఆపి, బ్రేకు వేసి, మనిషిని ముందు ఇనుప మెట్టు మీద కూర్చోబెట్టి, అక్కడి నుంచి లోపలికి జరపడం ఒక్కసారిగా ఎత్తడం కన్నా క్షేమం. ఇద్దరు కావాలి: ఒకరు లోపల, ఒకరు కింద.