ఉయ్యాలను రెండుసార్లు తోస్తే

పిల్లలూ,

గ్లాసులో నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు లోపలి అణువులు కూడా ఊరుకుంటాయా అని అడిగారు. ఊరుకోవు. ఆక్సిజన్‌ని చెట్టుకొమ్మ అనుకోండి, దానికి వేలాడే హైడ్రోజన్ ఉయ్యాల.

ఆ ఊపును కొలవడానికి నీళ్లలో కొంచెం భారజలం కలుపుతారు. అప్పుడు కొన్ని అణువుల్లో ఒక హైడ్రోజన్ బదులు దాని బరువైన తోబుట్టువు డ్యుటీరియం చేరుతుంది. ఆ ఉయ్యాల సెకనుకు దాదాపు 75 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. ఉత్త నీళ్లయితే ఉయ్యాలలన్నిటిదీ ఇంచుమించు ఒకే లయ. ఒకదాని ఊపు చప్పున పక్కదానికి పోతుంది, ఏది ఎంతసేపు ఊగిందో తేలదు.

సెకనులో లక్ష కోట్లో వంతు పికోసెకను. అందులో పదో వంతు సేపే వెలిగే పరారుణ లేజర్‌తో ఈ ఉయ్యాలను రెండుసార్లు తోస్తారు. కాంతి తరంగదైర్ఘ్యం 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మొదటిసారి గట్టిగా, ఊపడానికి. రెండోసారి మెల్లగా, ఇంకా ఊగుతోందా అని చూడటానికి. ఊగని ఉయ్యాల ఆ రెండో కాంతిని మింగుతుంది. ఊగుతున్నది మాత్రం ఇంకాస్త నెమ్మది లయ ఉన్న కాంతిని మింగుతుంది, ఎందుకంటే పెద్దగా ఊగే ఉయ్యాలకు ఒక్కో ఊపుకీ ఎక్కువ సమయం కావాలి. ఆ లయ మారకపోతే ఈ కొలతే లేదు!

రెండో కాంతిని ఆలస్యం చేసేది ఒక అద్దం. దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే కాంతి రానూ పోనూ 30 మైక్రాన్లు అదనంగా నడిచి, పికోసెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఏ గడియారానికీ అందని కాలాన్ని దూరంతో కొలుస్తున్నారన్నమాట. అద్దాన్ని అలా జరుపుతూ పోతే, 2 పికోసెకన్లు నిండేలోపే ఊపులో చాలా భాగం చల్లారిపోవడం కనిపిస్తుంది.

తిప్పలు చాలా ఉన్నాయి. నీటి పొర వెంట్రుక మందం మించితే కాంతిలో చాలా భాగం నీళ్లే తాగేస్తాయి. నీళ్లకు అటూ ఇటూ కాంతి పోయే కిటికీలుగా ఉప్పు బిళ్లలు పెడితే బిళ్లలే కరుగుతాయి, అందుకే కాల్షియం ఫ్లోరైడ్ వాడతారు. ఒక్క బుడగ ఉన్నా మొదటి కాంతి చెదిరి, రెండో కాంతిని కొలిచే డిటెక్టర్‌లో పడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా ఆ నెమ్మది లయ దగ్గరే కాంతిని మింగుతుంది కనుక కాంతి నడిచే దారినంతా మూసి పొడి నైట్రోజన్ నింపుతారు. ఊపు ఆగాక కూడా సంకేతం సున్నాకు రాదు. ఊపులోని శక్తి వేడిగా మారి నీళ్లలోనే ఉంటుంది. దాన్ని తీసేసి లెక్కవేయకపోతే ఉయ్యాల ఇంకా ఊగుతోందని పొరబడతాం.

పెద్ద ఊపుకు లయ మారడం మీరే చూడొచ్చు. మీటరు దారానికి బరువైన రాయి కట్టండి. కొంచెం లాగి వదిలితే 10 ఊపులకు 20 సెకన్లు పడుతుంది. తర్వాత దారం బిగువుగా పట్టి, 60 డిగ్రీల దాకా లాగి వదిలి, మళ్లీ 10 లెక్కపెట్టండి. ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య