చెమట పట్టినంత కొవ్వు కరిగినట్టేనా? అపోహలు - వాస్తవాలు

వ్యాయామ శిక్షకుడిగా నేను తరచుగా వినే ప్రశ్న ఇది. కాదు అన్నదే జవాబు. ఈ అపోహకు సగం కారణం 'కరగడం' అనే మాటే. మైనం వేడికి కరిగినట్టు ఒంట్లోని కొవ్వు కూడా కరిగి చర్మంలోంచి కారిపోతుందని ఆ మాట నమ్మిస్తుంది.

నిజానికి వ్యాయామం మొదలయ్యాక అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి, ఇన్సులిన్ తగ్గుతుంది. అప్పుడు కొవ్వు కణంలో నిల్వ ఉన్న కొవ్వును, అంటే ట్రైగ్లిజరైడ్‌ను లైపేజ్ ఎంజైములు అంచెలంచెలుగా విడగొట్టగా, ఒక్కో అణువు నుంచి మూడు ఫ్యాటీ ఆమ్లాలు, ఒక గ్లిసరాల్ వెలువడతాయి. ఆ ఆమ్లాలు రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని కండరాలకు చేరి, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఆక్సీకరణ చెందితేనే (ఆక్సిజన్‌తో కలిసి ఖర్చయితేనే) కొవ్వు ఖర్చయినట్టు లెక్క. మిగిలినవి తిరిగి ట్రైగ్లిజరైడ్‌గా మారి నిల్వలో చేరతాయి. కణం నుంచి బయటపడటం వేరు, ఖర్చు కావడం వేరు. 'ఫ్యాట్ బర్నర్' మాత్రలు అమ్మేవారు ఈ తేడా దగ్గరికి వచ్చేసరికి మౌనం వహిస్తారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణ చెందితే అందులో సుమారు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితోనే బయటికి పోతుందని, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుందని 2014లో వెలువడిన ఒక లెక్క తేల్చింది. చెమట పని ఒంటిని చల్లబరచడం, అంతే.

ఒక యువకుడు ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని, నీళ్లు ముట్టకుండా గంటసేపు పరుగెత్తి, కిలోన్నర తగ్గానని తూకం చూపించిన కాసేపటికే కళ్లు తిరిగి కూలబడ్డాడు. నీళ్లు తాగి, భోజనం చేసి, సాయంత్రం తూచుకుంటే ఆ కిలోన్నర తిరిగి వచ్చేసింది. అతన్ని చూసి నవ్వలేకపోయాను. కాలేయంలో కొవ్వు చేరిందని వైద్యులు చెప్పిన నాటి నుంచి అతనికి నిద్ర లేదట.

తక్కిన అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. పొట్ట వ్యాయామాలు పొట్ట కొవ్వునే ప్రత్యేకంగా తగ్గించవు, ఎందుకంటే కొవ్వును విడిపించే అడ్రినలిన్ వంటి హార్మోన్లు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి. కొవ్వు కండగా మారదు. రెండూ వేర్వేరు కణజాలాలు. పరగడుపున వ్యాయామం చేస్తే ఆ గంటలో కొవ్వు వాడకం పెరిగే మాట నిజమే కానీ, తినే మొత్తం సమానంగా ఉన్నప్పుడు కొన్ని వారాల తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించదు.

ఆ యువకుడితో జాకెట్ తీయించి, మాట్లాడగలిగే వేగంతో రోజూ నడవమన్నాను. క్రమం తప్పని వ్యాయామం వల్ల బరువు పెద్దగా తగ్గకపోయినా కాలేయంలోని కొవ్వు తగ్గే అవకాశం ఉందని చెప్పినప్పుడు, అతను మొదటిసారి తూకం వైపు చూడటం మానేసి నా వైపు చూశాడు.