సూర్యుడి కోసం ఆగగలిగే పని

సోలార్ ప్యానెల్ వెనక లేబుల్ మీద 550 వాట్లు అని ఉంటుంది. ఆ అంకె ప్రయోగశాలలో తీసింది. అక్కడ చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతుంది, ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సిలికాన్ సెల్ 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటుంది. అదే ప్యానెల్ మీద మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. లోపల సెల్ 60 డిగ్రీలకు చేరి ఉంటుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున సిలికాన్ దిగుబడి తగ్గుతుంది కాబట్టి, ఎండ దంచికొట్టే రోజునే 550లో అరవై, డెబ్బై వాట్లు వేడికి పోతాయి.

ఇంజనీరుకు ఇది పెద్ద చిక్కు కాదు, ముందే లెక్కలో వేసుకుంటాడు. అసలు చిక్కు లేబుల్ మీద లేదు. ఆ వాట్లు ఎప్పుడు వస్తాయన్నదే అది. సౌరశక్తి చరిత్రను ఈ కోణంలో చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ఎండ వచ్చేదాకా ఆగగలిగే పని దొరికిన చోటల్లా అది నెగ్గింది. పని ఆగనిదైతే పక్కన నిల్వ ఉండాల్సి వచ్చింది, లేదా ఇంకేదైనా ఆదుకోవాల్సి వచ్చింది.

1878 పారిస్ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో అనే ఫ్రెంచివాడు పెద్ద అద్దాల గరాటుతో ఎండను బాయిలర్ మీదికి మళ్లించి, ఆ ఆవిరితో మంచుగడ్డ తయారుచేశాడు. చూసినవాళ్లు ఎండతో మంచేమిటని నోరెళ్లబెట్టారు. నాకైతే అందులో ఇంకో తెలివి కనిపిస్తుంది. మంచుగడ్డ సాయంత్రానికీ పనికొస్తుంది కదా! ఆ తర్వాత బొగ్గు చవకైంది, ఫ్రెంచి ప్రభుత్వం మూషో యంత్రాల్ని పక్కనపెట్టింది.

1913లో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ కైరో దగ్గర మాదీలో 60 మీటర్లకు పైగా పొడవున్న అయిదు అద్దాల దోనెలు నిలబెట్టాడు. ఆ వేడితో పుట్టిన ఆవిరి నిమిషానికి దాదాపు 22 వేల లీటర్ల నైలు నీటిని పొలాలకు తోడింది. పనిగా నీళ్లు తోడటాన్ని ఎంచుకోవడంలోనే అతని తెలివంతా ఉంది. పొలానికి నీళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చినా ఒకటే, నాలుగింటికి వచ్చినా ఒకటే. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆ ప్లాంటు మూతపడింది. ఆ వెనకే చవక చమురు వచ్చింది, ఇక దాని ఊసెత్తినవాళ్లు లేరు.

వేడిని వదిలి వెలుతురు నుంచి నేరుగా కరెంటు తీసే దారి వేరే ఉంది. 1839లో ఎడ్మండ్ బెకరెల్ ఆ ప్రభావాన్ని గమనించాడు. 1883లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారు పొర వేసి సెల్ చేశాడు, దాని సామర్థ్యం ఒక శాతం లోపే. అక్కణ్నుంచి డెబ్బై ఏళ్లు కదలిక లేదు.

కదిలించింది టెలిఫోన్ అవసరం. తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో టెలిఫోన్ పరికరాల డ్రై సెల్స్ త్వరగా పాడైపోతుంటే, అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్ ప్రత్యామ్నాయం వెతకడం మొదలుపెట్టాడు. కాల్విన్ ఫుల్లర్, గెరాల్డ్ పియర్సన్ తోడయ్యారు. 1954 ఏప్రిల్ 25న వాళ్లు చూపించిన సిలికాన్ సెల్ సామర్థ్యం 6 శాతం, దాంతో ఓ బొమ్మ జెయింట్ వీల్ తిప్పి చూపించారు. అదే ఏడాది జూన్‌లో సోవియట్ యూనియన్‌లోని ఓబ్నిన్‌స్క్‌లో 5 మెగావాట్ల అణు రియాక్టర్ గ్రిడ్‌కు కరెంటు ఇచ్చింది. ఒకరిది బొమ్మ చక్రం, ఒకరిది పవర్ స్టేషన్. ప్రభుత్వాల డబ్బు ఎటు పోయిందో చెప్పనక్కర్లేదు. సోలార్‌కు ధరే ఉరితాడైంది. ఆ సెల్స్‌తో ఒక ఇంటికి సరిపడా కరెంటు కావాలంటే 14 లక్షల డాలర్లు దాటుతుందని చాపినే లెక్కకట్టాడు.

డబ్బు లెక్క చూడనిది అంతరిక్షం ఒక్కటే. 1958 మార్చిలో వెళ్లిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. బ్యాటరీ మీద నడిచేది కొన్ని నెలల్లోనే మూగబోయింది, సోలార్ సెల్స్ మీద నడిచేది 1964 దాకా పలికింది. నేల మీద మొదటి నిజమైన బేరం సముద్రంలో దొరికింది. 1970ల్లో ఎలియట్ బెర్మన్ అనే అమెరికన్, చమురు కంపెనీ ఎక్సాన్ పెట్టుబడితో, వాట్ ధరను వంద డాలర్ల నుంచి ఇరవైకి దించాడు. ఆ ప్యానెళ్లను ముందుగా కొన్నవాళ్లలో చమురు కంపెనీలే ఉన్నాయి, సముద్రపు రిగ్గుల మీద హెచ్చరిక దీపాల కోసం. అక్కడికి వైరు లాగలేరు, పెద్ద బ్యాటరీలు మార్చాలంటే పడవ ఖర్చే తడిసిమోపెడవుతుంది. ఉన్న బ్యాటరీని పగలంతా నింపే ప్యానెల్ ఎంత ఖరీదైనా గిట్టుబాటే.

ఆ తర్వాత కథ తెలిసిందే. 1973 చమురు సంక్షోభం సోలార్ మీద ఆశ పుట్టించింది, చమురు దిగగానే ఆశా దిగింది. 2000లో జర్మనీ ఇరవై ఏళ్లపాటు స్థిరమైన రేటుకు సోలార్ కరెంటు కొంటామని చట్టం చేసింది. ఆ గిరాకీని చూసి చైనా ఫ్యాక్టరీలు కట్టింది. అమ్మకాలు రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు అయిదో వంతు తగ్గుతూ వచ్చింది. చాపిన్ నాడు 286 డాలర్లున్న వాట్ ఇవాళ పావు డాలరులోపే.

ఇక్కడే పాత చిక్కు కొత్తగా పైకి తేలింది. పవర్ స్టేషన్లనూ ఇళ్లనూ కలిపే వైర్ల వల, అంటే గ్రిడ్, ఆగలేని పనులన్నిటి కూడలి. పుట్టిన కరెంటు ఆ క్షణమే ఖర్చవ్వాలి, లేకపోతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఊగే లెక్క, పక్కకు జరుగుతుంది. పాత పవర్ స్టేషన్లలో తిరిగే టన్నులకొద్దీ ఇనుము ఆ కుదుపును కొన్ని సెకన్లు కాచుకునేది. ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కు సరిపడేలా మార్చే మామూలు సోలార్ ఇన్వర్టర్లో తిరిగేది ఏమీ లేదు. 2013లో కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు గీసిన గ్రాఫ్ బాతులా ఉందని దానికి ఆ పేరే పడింది. మధ్యాహ్నం సోలార్ పోగా మిగిలే డిమాండ్ పొట్టలా కిందికి జారుతుంది, పొద్దు వాలగానే మెడ నిక్కుతుంది. 2020 నాటికి మూడు గంటల్లో 13 వేల మెగావాట్లు ఎక్కించాల్సి వస్తుందని ఆనాటి అంచనా.

మరి ఆ మెడను మోసేదెవరు? నా ఓటు ముందు పంప్డ్ స్టోరేజీకి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు కొండ మీదికి ఎక్కించి, కావాల్సినప్పుడు దించడం నూరేళ్ల నాటి పద్ధతే. వందకు డెబ్బై, ఎనభై యూనిట్లు తిరిగొస్తాయి. వేల్స్‌లో 1984లో మొదలైన డినార్విగ్ స్టేషన్ టర్బైన్లను నీళ్లు వదలకుండా ఖాళీగా తిప్పి సిద్ధంగా ఉంచితే, పావు నిమిషంలోనే వేయి మెగావాట్లకు పైగా అందుకుంటుంది. అయితే కొండ కావాలి, పైనా కిందా నీళ్లు కావాలి. లిథియం బ్యాటరీకి ఆ బెడద లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్‌స్‌డేల్ బ్యాటరీ 2017లో మొదలైనప్పుడు 100 మెగావాట్లు ఇచ్చేది, నిల్వ మాత్రం 129 మెగావాట్-అవర్లు (ఒక మెగావాట్ గంటసేపు ఇస్తే ఒక మెగావాట్-అవర్). పూర్తి జోరు మీద గంటంపావు. ఫ్రీక్వెన్సీ నిలబెట్టడానికి అది బ్రహ్మాస్త్రం, వారం రోజుల ముసురుకు మాత్రం ఆనదు.

హైడ్రోజన్ గురించి చాలా చెబుతారు. డెన్మార్క్‌లో పాల్ లా కూర్ 1890ల్లోనే గాలిమర కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఆస్కోవ్‌లో బడి దీపాలు వెలిగించాడు. కరెంటును హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటు చేస్తే వందలో సగం కూడా చేతికి రాదు. ఎరువులకు, ఉక్కుకు వాడుకుంటే అర్థముంది. అణువిద్యుత్తు రాత్రీ పగలూ నిలకడగా వస్తుంది, కట్టడానికి మాత్రం ఏళ్లు పూళ్లు పడుతుంది. గాలి చాలాచోట్ల రాత్రిపూటా వీస్తుంది కాబట్టి సోలార్‌కు మంచి జోడీ.

వీటన్నిటికంటే ముందు నేను చూసేది ఇంట్లో గీజర్‌ని. 200 లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 8 యూనిట్లు పడుతుంది. అంత నిల్వను లిథియంలో కొంటే బ్యాటరీ వెల ఎంతవుతుందో లెక్కేసుకోండి. ట్యాంకు చుట్టూ మందపాటి ఇన్సులేషన్, స్విచ్ దగ్గర టైమర్ ఉంటే చాలు. పగలు పన్నెండింటికి ఆన్ అయి మూడింటికి ఆగిపోతుంది, రాత్రి ఎనిమిదింటికి స్నానానికి నీళ్లు వేడిగానే ఉంటాయి.