టాంటన్ 1919: ఆఖరి బ్యాటర్ రాకముందే ముగిసిన మ్యాచ్ – అపోహలు, వాస్తవాలు

2023 నవంబరు 6న ఢిల్లీలో బంగ్లాదేశ్‌తో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక బ్యాటర్ ఏంజెలో మాథ్యూస్ గడువులోగా సిద్ధం కానందుకు ఒక్క బంతి కూడా ఆడకుండానే ఔటై వెనుదిరిగాడు. ఆ రాత్రి నా ఫోను మోగుతూనే ఉంది. చాలా ఏళ్ళుగా లీగ్ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తున్నాను, కొత్తగా అంపైరింగ్‌లోకి వచ్చేవారికి నిబంధనలు చెబుతుంటాను. అందుకే అందరూ నన్నే అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘ఆలస్యంగా వస్తే ఔట్ అనే ఈ నిబంధన ఎప్పుడు పెట్టారండీ?’

జవాబుగా నేను వారికి చెప్పింది ఇంగ్లండులోని టాంటన్‌లో 1919 మే 21, 22 తేదీల్లో సోమర్సెట్, ససెక్స్ కౌంటీ (జిల్లా) జట్ల మధ్య జరిగిన మ్యాచ్ గురించి. నా దృష్టిలో అంపైరు వృత్తిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ముందుగా చదవవలసిన మ్యాచ్ అదే. దాని చుట్టూ పేరుకున్న అపోహలూ తక్కువేమీ కాదు.

ముందు స్కోర్లు చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో సోమర్సెట్ 243, ససెక్స్ 242. ఆధిక్యం ఒకే ఒక్క పరుగు. రెండో ఇన్నింగ్స్‌లో సోమర్సెట్ 103కే కుప్పకూలింది. ససెక్స్ లక్ష్యం 105. తొమ్మిదో వికెట్ పడేసరికి ససెక్స్ స్కోరు 104. అంటే రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి చూస్తే రెండు జట్లకూ చెరో 346. ఇంకొక్క పరుగు తీస్తే ససెక్స్ గెలుస్తుంది, ఇంకొక్క వికెట్ పడితే మ్యాచ్ టై అవుతుంది. రావలసిన పదకొండో ఆటగాడు హెరాల్డ్ హేగేట్. కీళ్ళవాతంతో నడవడానికే ఇబ్బంది పడుతున్న మనిషి. ఆయన క్రీజు చేరకముందే సోమర్సెట్ ఆటగాళ్ళలో ఒకరు అప్పీల్ చేశారు. అంపైర్ ఆల్ఫ్రెడ్ స్ట్రీట్ స్టంప్స్ పీకేసి ఆట ముగిసిందని ప్రకటించారు. ఫలితం టై.

అపోహ: ఆలస్యానికి ఔట్ ఇవ్వడం టీ20 కాలపు తొందరలోంచి పుట్టిన కొత్త నిబంధన.

కొత్త బ్యాటర్‌కు గడువు పెట్టడం క్రికెట్‌లో మనకు దొరికే అతి పాత నిబంధనల్లో ఒకటి. 1744 నాటి నిబంధనావళిలోనే ఉంది: ఒకరు ఔటైతే తర్వాతి ఆటగాడు రావడానికి రెండు నిమిషాలు, ఇన్నింగ్స్‌కూ ఇన్నింగ్స్‌కూ మధ్య పది నిమిషాలు. అప్పటికి ఇంకా మూడో స్టంప్ కూడా రాలేదు. 1884 నిబంధనావళిలోనూ అదే రెండు నిమిషాల మాట కొనసాగింది. టాంటన్‌లో అమల్లో ఉన్నది ఆ 1884 నిబంధనావళే.

మారుతూ వచ్చింది గడియారాన్ని ఎక్కడ ఆపాలన్న విషయం. 1980లో రాసిన నిబంధన ప్రకారం రెండు నిమిషాల్లోగా బ్యాటర్ మైదానంలో అడుగుపెడితే చాలు. 2000లో గడువును మూడు నిమిషాలకు పెంచారు కానీ, ఆలోపు బ్యాటర్ బంతి ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండాలన్నారు. అవతలి ఎండ్‌లో ఉన్న బ్యాటర్ స్ట్రైక్ తీసుకోవలసి ఉంటే అతడు సిద్ధంగా ఉండాలి. ఢిల్లీ ప్రపంచకప్ నియమాల్లో ఆ గడువు రెండు నిమిషాలు. టీ20ల్లో 90 సెకన్లు. మాథ్యూస్ రెండు నిమిషాల లోపే మైదానంలోకి వచ్చాడు. హెల్మెట్ పట్టీ తెగిపోవడంతో ఇంకొకటి తెప్పించుకుంటూ ఆగిపోయాడు. 1980 నాటి నిబంధన ఉండి ఉంటే అతడు ఔటయ్యేవాడే కాదు. గడువు ఎంత అనే దానికంటే ఎక్కడిదాకా అనేదే ముఖ్యమని నా తరగతుల్లో ఒకటికి రెండుసార్లు చెబుతాను.

అపోహ: హేగేట్‌ను ‘టైమ్డ్ ఔట్’గా (గడువు దాటినందుకు ఔట్‌గా) ప్రకటించారు.

అందరూ పొరబడేది ఇక్కడే. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

1919లో టైమ్డ్ ఔట్ అనే ఔట్ విధానమే లేదు. బౌల్డ్, క్యాచ్, ఎల్‌బీడబ్ల్యూల లాగా దానికో పేరు, ఓ ప్రత్యేక నిబంధన వచ్చింది 1980లో. అంతకుముందు ఉన్నది అంపైర్ల విధులు చెప్పే నిబంధనలో ఒక వాక్యం మాత్రమే. అంపైర్లు కొత్త బ్యాటర్‌కు రెండు నిమిషాలు ఇవ్వాలి. ‘ప్లే’ అని పిలిచాక ఆడటానికి నిరాకరించిన జట్టు మ్యాచ్ ఓడిపోతుంది. రెండు నిమిషాలు దాటితే ఆ ఒక్క బ్యాటర్‌ను ఏం చేయాలో ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు స్ట్రీట్ స్థానంలో నిలబడి ఆలోచించండి. అప్పీల్ వచ్చింది, గడువు దాటింది. పుస్తకంలో ఉన్న శిక్ష ఒకటే, అది జట్టు మొత్తానికి పడేది. అక్షరం పట్టుకుని వేలాడే అంపైరైతే ససెక్స్ ఆడటానికి నిరాకరించిందని మ్యాచ్‌ను సోమర్సెట్‌కు అప్పగించడానికి కూడా వాదన దొరికేది. స్ట్రీట్ అంత దూరం వెళ్ళలేదు. ఆఖరి బ్యాటర్ లేడు కాబట్టి ఇన్నింగ్స్ 104 దగ్గర ముగిసిందన్నారు. స్కోర్లు సమం కాబట్టి టై. నిబంధనలో ఖాళీ ఉన్నప్పుడు ఎవరికీ ఎక్కువ నష్టం జరగని దారి వెతికారాయన. నా మటుకు నాకు అది మంచి అంపైరింగ్.

నేటి నిబంధనావళిలో 40వ నిబంధన ఈ ఖాళీని రెండు భాగాలుగా పూడ్చింది. ఆలస్యమైతే ఆ బ్యాటర్ ఔట్. అసలెవరూ రాకుండా చాలాసేపు గడిచిపోతే మాత్రం మ్యాచ్‌ను ప్రత్యర్థికి ఇచ్చే ప్రక్రియను అంపైర్లు మొదలుపెట్టాలి. 1919లో ఒకే వాక్యంలో కలగలిసి ఉన్న రెండు వేర్వేరు తప్పులను విడదీశారన్నమాట.

గణాంకాల విషయానికొస్తే, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో టైమ్డ్ ఔట్ అయినవారి పట్టికలు చాలావరకు 1987-88 సీజన్‌లో దక్షిణాఫ్రికాలో ఆడిన ఆండ్రూ జోర్డాన్‌తో మొదలవుతాయి. వరదల వల్ల దారులు మూసుకుపోయి ఆయన మైదానానికే చేరలేకపోయారు. మన దేశంలో 1997 డిసెంబరులో కటక్‌లో ఒడిశాతో మ్యాచ్‌లో త్రిపుర ఆటగాడు హేమూలాల్ యాదవ్ ఇలాగే ఔటయ్యారు. తొమ్మిదో వికెట్ పడగానే డ్రింక్స్ విరామం వచ్చింది. విరామం ముగిసినా ఆయన బౌండరీ దగ్గర మాట్లాడుతూ ఉండిపోయారు. ఈ ముగ్గురి ఆలస్యాలకూ కారణాలు ఎంత వేర్వేరో గమనించండి. ఒకరిది నొప్పి, ఒకరిది వరద, ఒకరిది ఏమరుపాటు.

అపోహ: తప్పంతా అంపైర్‌దే. కుంటుతూ వస్తున్న మనిషి మీద ఆయన కనికరం చూపలేదు.

అప్పీల్ లేకుండా అంపైర్ ఔట్ ఇవ్వకూడదు. ఇది ఆటకు పునాది లాంటి నియమం. టాంటన్‌లో కూడా కదలిక మొదలైంది అప్పీల్‌తోనే. అప్పీల్ వచ్చాక అంపైర్ చూడవలసింది గడువు దాటిందా లేదా అన్నది ఒక్కటే. వస్తున్న మనిషి మీద మనకు ఎంత జాలి ఉన్నా, దాని కొలమానంతో నిర్ణయం ఇవ్వడం మొదలుపెడితే రేపు ఇంకో జట్టుకు అన్యాయం చేసినట్టే.

స్ట్రీట్ అనుభవం లేని అంపైరూ కాదు. సర్రే తరఫున కౌంటీ క్రికెట్ ఆడి, తర్వాత అంపైరై టెస్టు మ్యాచ్‌లకు సైతం నిలబడిన వ్యక్తి. వివాదం క్రికెట్ నిబంధనలు రాసే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) దాకా వెళ్ళినా ఆయన నిర్ణయమే నిలిచింది. ఇంగ్లండు క్రికెట్ వార్షిక సంచిక విజ్డెన్ కూడా తప్పుపట్టింది అప్పీల్‌నే. మ్యాచ్ పూర్తి చేయడానికి కావలసినంత సమయం మిగిలి ఉండగా అలాంటి అభ్యంతరం లేవనెత్తడం క్రీడాస్ఫూర్తికి తగదని రాసింది. ఈ తేడాను దయచేసి గుర్తుపెట్టుకోండి. అప్పీల్ చేయాలా వద్దా అన్నది ఫీల్డింగ్ జట్టు మనస్సాక్షికి సంబంధించిన విషయం. దాని భారం అంపైర్ నెత్తిన వేయడం న్యాయం కాదు.

2007 జనవరిలో కేప్‌టౌన్ టెస్టు ఇందుకు మంచి ఉదాహరణ. భారత్ రెండో ఇన్నింగ్స్‌లో ఓపెనర్లిద్దరూ త్వరగా ఔటయ్యారు. అంతకుముందు కొంతసేపు ఫీల్డింగ్‌కు దూరంగా ఉన్నందువల్ల సచిన్ వెంటనే బ్యాటింగ్‌కు దిగడానికి వీల్లేదు. మన హైదరాబాద్ లక్ష్మణ్ అప్పుడు స్నానంలో ఉన్నాడు. గంగూలీ హడావిడిగా తయారై వచ్చేసరికి దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. పరిస్థితి తెలిసిన దక్షిణాఫ్రికా కెప్టెన్ గ్రేమ్ స్మిత్ అప్పీల్ చేయలేదు. చేసి ఉంటే అంపైర్లకు ఔట్ ఇవ్వడం తప్ప వేరే దారి లేదు. ఢిల్లీలో బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ అప్పీల్ చేశాడు, వెనక్కు తీసుకోనన్నాడు, అంపైర్లు ఔట్ ఇచ్చారు. రెండు చోట్లా అంపైర్ల తీరు ఒకటే. మారింది కెప్టెన్లు.

అపోహ: నడవలేని మనిషిని ఆడించడం ససెక్స్ చేసుకున్న తప్పు.

ఇలా అనేవారు ఆ సంవత్సరాన్ని మరచిపోతున్నారు. 1915 నుంచి 1918 దాకా నాలుగు వేసవులు కౌంటీ చాంపియన్‌షిప్ జరగలేదు. యుద్ధం ముగిశాక మొదలైన తొలి సీజన్ తొలి రోజులవి. ఆటగాళ్ళలో కొందరు తిరిగిరాలేదు. కెంట్ జట్టు గొప్ప ఎడమచేతి స్పిన్నర్ కోలిన్ బ్లైత్ 1917 నవంబరులో, వార్విక్‌షైర్ ఆల్‌రౌండర్ పెర్సీ జీవ్స్ 1916లో యుద్ధరంగంలో ప్రాణాలు కోల్పోయారు. పదకొండు మందిని పోగుచేయడమే కౌంటీలకు కష్టమైన కాలమది. టాంటన్‌లో ససెక్స్‌కు ఒకరు తక్కువయ్యారు. యుద్ధానికి చాలా ముందు కౌంటీకి కొన్ని మ్యాచ్‌లు ఆడిన హేగేట్ ఆ లోటు పూడ్చడానికి ఒప్పుకున్నారు. ఒంట్లో బాగోకపోయినా జట్టు కోసం నిలబడిన ఆ మనిషిని నేను గౌరవిస్తాను.

అపోహ: తన బదులు పరుగెత్తే రన్నర్‌ను హేగేట్ పెట్టుకుని ఉంటే సరిపోయేది.

అప్పటి 37వ నిబంధన మ్యాచ్ జరుగుతుండగా గాయపడిన లేదా జబ్బుపడిన వారికి మాత్రమే రన్నర్‌ను హక్కుగా ఇచ్చింది. వేరే కారణమైతే ప్రత్యర్థి ఒప్పుకోవాలి. హేగేట్ బాధ మ్యాచ్‌కు ముందు నుంచీ ఉన్నదే. కాబట్టి రన్నర్ కావాలన్నా సోమర్సెట్ దయ మీదే ఆధారపడాలి. అదీగాక, రన్నర్ పరుగెత్తగలడు కానీ బ్యాటర్ బదులు పెవిలియన్ నుంచి క్రీజు దాకా నడిచి రాలేడు కదా.

అపోహ: టై అన్నా డ్రా అన్నా ఒకటే.

కాదు. సమయం అయిపోయి ఫలితం తేలకపోతే డ్రా. ఆట పూర్తయి స్కోర్లు సమానమైతే టై. అయితే 1948కి ముందు నాలుగో ఇన్నింగ్స్‌లో వికెట్లు చేతిలో ఉండగానే సమయం ముగిసినా, స్కోర్లు సమమైతే టైగానే లెక్కించేవారు. ఆఖరి జట్టు ఇన్నింగ్స్ పూర్తయితేనే టై అన్న స్పష్టత ఆ తర్వాత వచ్చింది. పాత స్కోరుకార్డులు చదివేటప్పుడు ఇది తెలియకపోతే తికమక పడతారు.

అపోహ: ఆ రోజుల్లో కౌంటీ క్రికెట్ అంటే తీరికగా, ఉత్కంఠ లేకుండా సాగే ఆట.

1919లో కౌంటీ మ్యాచ్‌లు రెండు రోజులకే కుదించారు. పొద్దుపోయేదాకా ఆడించేవారు. ఆటగాళ్ళకు నచ్చలేదు, మరుసటి ఏడాదే మళ్ళీ మూడు రోజులకు మార్చారు. అంత తక్కువ వ్యవధిలో కూడా టాంటన్‌లో నాలుగు ఇన్నింగ్స్ పూర్తయి, పైగా ఇంకా సమయం మిగిలింది.

ఉత్కంఠ మాటకొస్తే 1906 ఆగస్టులో బ్రిస్టల్‌లో జరిగిన గ్లాస్టర్‌షైర్, యార్క్‌షైర్ మ్యాచ్ చాలు. గెలిస్తే యార్క్‌షైర్‌కు చాంపియన్‌షిప్ దక్కేది. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. విధ్వంసక బ్యాటింగ్‌కు పేరుపడిన గిల్బర్ట్ జెస్సప్ బంతితో ఆఖరి బ్యాటర్ రింగ్‌రోజ్‌ను ఎల్‌బీడబ్ల్యూ చేశాడు. ఆ ఒక్క పరుగు వల్ల కెంట్ మొదటిసారి అధికారిక చాంపియన్ అయింది. అది కూడా అప్పీల్‌తో, అంపైర్ వేలితో తేలిన మ్యాచే. దాని మీద ఇంత వాదన ఎందుకు లేదంటే, ఎల్‌బీడబ్ల్యూకు అప్పటికే ఒక స్పష్టమైన నిబంధన ఉంది.

అపోహ: టైమ్డ్ ఔట్ వికెట్ బౌలర్ ఖాతాలో పడుతుంది.

పడదు. బౌలర్ ఇంకా బంతి వేయనే లేదు. స్కోరు పుస్తకంలో బ్యాటర్ పేరు ఎదురుగా ‘టైమ్డ్ ఔట్’ అని రాసి, బౌలర్ గడిని ఖాళీగా వదిలేయాలి. మొన్నటి లీగ్ సీజన్‌లో కూడా ఇద్దరు స్కోరర్లు నన్ను ఈ సంగతి అడిగారు.

ఆటగాళ్ళకు ఒక మాట. వికెట్ పడిన క్షణంలో మీరు సంబరాల్లోనో బాధలోనో ఉంటారు, మేము చేతి గడియారం చూసుకుంటాం. పదకొండో నంబరు బ్యాటర్ అయినా ఎనిమిదో వికెట్ పడగానే ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ సరిచూసుకుని బౌండరీ తాడు దగ్గర కూర్చోండి. మీలో ఎవరికైనా నడవడం కష్టంగా ఉంటే కెప్టెన్ ఆ విషయాన్ని మ్యాచ్‌కు ముందే అంపైర్లకూ, ప్రత్యర్థి కెప్టెన్‌కూ చెప్పాలి. ముందే తెలిస్తే, తొమ్మిదో వికెట్ పడిన వెంటనే ఫీల్డింగ్ కెప్టెన్ దగ్గరకు వెళ్ళి, ‘ఆయన వస్తున్నారు, కాస్త సమయం పడుతుంది’ అని నేను చెప్పగలను.