"రెగ్యులరే మేస్టారూ, రానక్కర్లేదట": ఎం.ఎడ్. అపోహలు, వాస్తవాలు

అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే మన ఒడిశాలోని గుణుపురం నుంచో పర్లాకిమిడి నుంచో వారానికి ఇద్దరు ముగ్గురు టీచర్లు నాకు ఫోన్ చేస్తారు. అందరి ప్రశ్నా ఒకటే, బి.ఎడ్. తర్వాత చేసే పీజీ డిగ్రీ ఎం.ఎడ్. గురించే. "మేస్టారూ, అక్కడెవరో రెగ్యులర్ ఎం.ఎడ్. ఇప్పిస్తామంటున్నారు, పరీక్షలకి వెళ్తే చాలట, డబ్బు కట్టెయ్యమంటారా?"

కట్టొద్దు. ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయినా ఫర్వాలేదు, మిగతాది తీరిగ్గా చదువుకోండి.

టీచర్ ట్రైనింగ్‌లో పాఠాలు చెప్పడం ఇప్పుడు నా ఉద్యోగం. అంతకుముందు హైస్కూల్లో లెక్కల మాస్టారిని, కాబట్టి లెక్కతోనే చెబుతాను. టీచర్ ట్రైనింగ్ కోర్సులకి గుర్తింపిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సు. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు. థియరీకి, ప్రాక్టికమ్‌కి 80 శాతం హాజరుండాలి, బయటి విద్యాసంస్థలకి వెళ్లి చేసే ఫీల్డ్ అటాచ్‌మెంట్‌కి 90 శాతం. తక్కువలో తక్కువ 80 శాతమే అనుకున్నా 160 రోజులు మీరు కాలేజీలో ఉండాలి. మరి మీ బడి? విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు పెట్టమంది. 160, 220 కలిపితే 380. ఏడాదికి ఉన్నవే 365 రోజులు, అందులో ఆదివారాలు, పండగలు, వేసవి సెలవులు తీసెయ్యండి. వారానికి 36 గంటలంటే సాయంత్రం బడి వదిలాక వెళ్లి కూర్చునే క్లాసు కూడా కాదు. స్టడీ లీవు పెట్టకుండా ఈ లెక్క ఎవరికీ కుదరదు, రెండు రిజిస్టర్లలో ఒకటి అబద్ధం చెబితే తప్ప.

ఆ అబద్ధం ఎలా బయటపడుతుందో దగ్గర నుంచి చూశాను. నాకు తెలిసిన ఒక మాస్టారు, నాకంటే చిన్నవాడు, మంచి టీచరు, ఇలాగే సరిహద్దు దాటి "రెగ్యులర్" డిగ్రీ తెచ్చుకున్నాడు. నాలుగేళ్లు ఎవరూ అడగలేదు. ప్రమోషన్ ఫైలు కదిలాక సర్టిఫికెట్ల పరిశీలనలో రెండు జిరాక్సులు పక్కపక్కన పెట్టారు. ఒకటి కాలేజీ ఇచ్చిన హాజరు పత్రం, నవంబరు నెలంతా ఫీల్డ్ అటాచ్‌మెంట్‌లో ఉన్నట్టు. రెండోది వాళ్ల బడి మధ్యాహ్న భోజనం రిజిస్టరు. అదే నవంబరు, ఏ రోజు ఎంతమంది తిన్నారో, బియ్యం ఎన్ని కిలోలు తీశారో అంతా అతని చేతిరాతే, ప్రతిరోజూ సంతకం. నిజాయితీగా రాసిన రిజిస్టరే అతన్ని పట్టించింది. ప్రమోషన్ ఆగిపోయింది, సంజాయిషీ అడిగారు. కోర్సుకి కట్టిన డబ్బు భార్య గొలుసు కుదువబెట్టి తెచ్చిందట. మా ఇంటి అరుగు మీద కూర్చుని "ఇప్పుడేటి చెయ్యాలి మేస్టారూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. టీ ఇచ్చాను.

ఇలాంటివాళ్లని తిట్టబుద్ధి కాదు నాకు. ఇల్లు, పిల్లలు, నలభై కిలోమీటర్ల దూరంలో బడి, పక్కవాడికి ఏదో డిగ్రీ వచ్చిందని టెన్షన్. కోపమల్లా ఆ మధ్యవర్తుల మీదే. "ఎన్నేళ్లుగానో ఇస్తున్నాం, ఏమీ కాదు" అంటారు. ఏమీ కాదా? డీమ్డ్ యూనివర్సిటీలు, అంటే యూనివర్సిటీ హోదా పొందిన సంస్థలు, అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల కథ గుర్తు చేసుకోండి, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసు మన ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌దే. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ల డిగ్రీలు అన్నేళ్ల తర్వాత పక్కన పెట్టారు, మళ్లీ పరీక్ష రాసి నెగ్గమన్నారు.

ఇప్పుడు కొత్త పాట మొదలుపెట్టారు: "ఏడాది ఎం.ఎడ్. వచ్చేసింది, ఉద్యోగస్తులకి పార్ట్‌టైమ్ కూడా ఉంది, ముందు సీటు రిజర్వ్ చేసుకోండి." 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ బయటపెట్టింది డ్రాఫ్టు. డ్రాఫ్టు చూపించి ఫీజు అడిగితే నమ్మకండి. తుది నోటిఫికేషన్, ఆ కోర్సుకి ఆ కాలేజీ పేరు మీద గుర్తింపు ఉత్తర్వు, రెండూ కళ్లతో చూశాకే జేబులో చెయ్యి పెట్టండి.

మరి ఉద్యోగం వదలకుండా చదవాలంటే? ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉంది కదా. దూరవిద్య ఇచ్చే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు, తక్కువలో తక్కువ రెండేళ్లు, నాలుగేళ్ల దాకా గడువు. నేనూ మొదట దూరవిద్యలో అదే చేశాను. గుణుపురం ప్యాసింజర్లో కూర్చుని అసైన్‌మెంట్లు రాసేవాణ్ణి, ఒకదాని మీద పకోడీ నూనె మరకతోనే ఇచ్చేశాను కూడా. ఇంకొకటి గడువు దాటాక పంపి ఆరు నెలలు పోగొట్టుకున్నాను, తప్పు నాదే. ఆ తర్వాత స్టడీ లీవు పెట్టి ఎం.ఎడ్. క్లాసులో కూర్చున్నాను, నా కూతురి వయసు పిల్లల పక్కన. అది ఇంకో కథ.

ఒకటి మాత్రం కలిపెయ్యకండి: ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదివితే బి.ఎడ్. ఉన్నట్టు కాదు, అది టీచరు ఉద్యోగానికి అర్హతా కాదు. అలాగని పనికిరానిదీ కాదు. కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయొచ్చు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లోనే బి.ఎడ్. కాలేజీలో ఫౌండేషన్ పేపర్లు (విద్యా తత్వం, మనస్తత్వం లాంటివి) చెప్పడానికి 55 శాతంతో ఎం.ఏ. ఎడ్యుకేషన్, 55 శాతంతో బి.ఎడ్. ఉన్నవాళ్లని కూడా ఒప్పుకున్నారు. ఈ సంగతి చాలామందికి తెలీదు.

మిగతావి గబగబా. ఆంధ్రా డిగ్రీ ఒడిశాలో చెల్లదా? గుర్తింపున్న యూనివర్సిటీదైతే దేశమంతా చెల్లుతుంది, ఉద్యోగాల్లో లోకల్, నాన్‌లోకల్ గొడవ వేరు. 2015కి ముందు చేసిన ఏడాది ఎం.ఎడ్. రద్దయిందా? లేదు, పుకారు. పక్క రాష్ట్రం స్టేట్ యూనివర్సిటీకి మన ఊళ్లో దూరవిద్య స్టడీ సెంటరుందని బోర్డు పెట్టారా? ఆ గుమ్మం ఎక్కకండి, రాష్ట్రం దాటి సెంటర్లు పెట్టడానికి యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ ఒప్పుకోదు. చేరాక డిపార్ట్‌మెంటు పర్మిషన్ తీసుకుంటే సరిపోతుందా? ముందే అడగండి, కాగితం మీద.

ఈ ప్రశ్నే అడిగిన గుణుపురం టీచరొకాయన నిన్న మళ్లీ ఫోన్ చేశారు. అడ్వాన్సు పదివేలు అప్పటికే కట్టేశారట. రసీదుందా అంటే ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఉందన్నారు. ఎవరి పేరు మీద వెళ్లిందో చదవమన్నాను. కాసేపు మాట లేదు. కాలేజీ పేరు కాదు మేస్టారూ, ఎవరో మనిషి పేరుంది అన్నారు.