పఫర్ చేపకు తోడు కావాలా? – అపోహలు, వాస్తవాలు

భయపడితే ఒళ్లు ఉబ్బించుకునే పఫర్ చేపను కొనాలనుకునేవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "ఒకటి తీసుకోవాలా, జత తీసుకోవాలా?" అంతకంటే ముందు అడగాల్సింది "ఇది ఏ జాతి పఫర్?" అని. అది తెలియకుండా ఒకటా, రెండా, ఆరా అని లెక్క వేసుకుంటే ఎటూ తేలదు. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో పఫర్ పెంచేవాళ్ల కోసం, మన ఎండనూ మన బోరు నీళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

అపోహ: పఫర్లన్నీ ఒకటే. చిన్నవి చిన్న ట్యాంకులో, పెద్దవి పెద్ద ట్యాంకులో.

అంగట్లో రెండూ అంగుళం పొడవే ఉండొచ్చు. వాటిలో ఒకటి జీవితాంతం అంతే ఉంటుంది, ఇంకోటి ఆరంగుళాల దాకా పెరుగుతుంది.

పీ పఫర్ అసలు పేరు కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్. కేరళ నదుల చేప. 1941లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. నిండా పెరిగినా 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పూర్తిగా మంచినీటి చేప. గుంపుగా పెట్టడానికి వీలున్న కొద్ది పఫర్లలో ఇదొకటి.

ఒంటి మీద పచ్చగా మెరుస్తూ నల్ల చుక్కలు ఉండే గ్రీన్ స్పాటెడ్ పఫర్ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పెరిగేకొద్దీ ఉప్పునీళ్లు కావాలి. ఒక్కటే ఉండాలి. దానికి 150 నుంచి 200 లీటర్ల ట్యాంకు పెట్టాలి.

వీపు మీద 8 అంకె లాంటి గీతలుండే ఫిగర్ ఎయిట్ పఫర్‌కు తేలికపాటి ఉప్పదనం చాలు. 8 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఒక్కొక్క చేపది ఒక్కో స్వభావం, కాబట్టి ఒక్కటి పెట్టుకోవడమే నయం.

నైలు నది ఫహాకా 40 సెంటీమీటర్లు దాటుతుంది. పక్కన ఇంకో చేపను ఓర్వదు. 450 లీటర్లకు తక్కువ ట్యాంకులో పెట్టకూడదు, ట్యాంకు వెడల్పు కనీసం రెండడుగులు ఉండాలి. కాంగో నది ఎంబూ పఫర్ దీనికంటే చాలా పెద్దది, అది ఇంట్లో పెంచే చేప కాదు.

దక్షిణ అమెరికా పఫర్ సంగతి వేరు. అది నెమ్మది చేప, ఐదారు కలిసి ఉంటేనే హుషారుగా ఈదుతుంది. కానీ పళ్లు తొందరగా పెరుగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మేము చెప్పం.

అపోహ: ఒంటరిగా ఉంటే బెంగపడి చచ్చిపోతుంది, జతగానే కొనాలి.

చిలుకలు, లవ్ బర్డ్స్ అమ్మేచోట నుంచి వచ్చిన అలవాటు ఇది. పీ పఫర్ల విషయంలో అన్నిటికంటే చెడ్డ సంఖ్య రెండు.

ఎందుకంటే పీ పఫర్‌కు ఎల్లలుంటాయి. తన మూలలోకి వచ్చినదాన్ని తరుముతుంది, తోక కొరుకుతుంది. ట్యాంకులో రెండే ఉంటే బలమైనది వేసే కాట్లన్నీ బలహీనమైనదాని మీదే పడతాయి. దానికి ఊపిరి తీసుకునే సందు కూడా దొరకదు. మూడు పెట్టినా అంతే, ఏదో ఒకటి బలవుతుంది. ఆరు ఉంటే ఆ తరుముడు అందరికీ పంచుకుపోతుంది, ఏ ఒక్కదాని మీదా ఎక్కువసేపు నిలవదు. అందుకే మేము చెప్పే లెక్క రెండే: ఒకటి, లేదంటే ఆరు. నడిమధ్య సంఖ్యలు వద్దు.

ఒక్కటే పెంచితే అన్యాయం చేసినట్టు కాదు. చెట్లు, చాటులు, వేటాడుకోవడానికి బతికున్న నత్తలు ఉంటే ఒంటరి పీ పఫర్ రోజంతా ట్యాంకు గాలించుకుంటూ తిరుగుతుంది, మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరికి వస్తుంది. గాజు వెంట పైకీ కిందికీ ఆగకుండా ఈదుతుంటే మాత్రం తోడు లేక కాదు. ట్యాంకు బోసిగా ఉండో, నీళ్లు పాడై ఉండో అలా చేస్తుంది. చెట్లు పెంచండి, నీళ్లు పరీక్షించండి.

ఆరు పెట్టాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. నిండా పెరిగిన మగదానికి పొట్ట మధ్యన పొడవునా నల్లని గీత, కంటి వెనక మెరిసే ముడతల్లాంటి గీతలు ఉంటాయి. ఆడది గుండ్రంగా ఉంటుంది, పొట్ట మీద ఆ గీత ఉండదు. ఒకటిన్నర సెంటీమీటర్ల పిల్లల్లో తేడా ఎవరూ చెప్పలేరు, అంగడి ఆయన చెప్పినా నమ్మకండి. పిల్లల్ని కొంటే 20 లీటర్ల ఇంకో ట్యాంకు సిద్ధంగా ఉంచుకోండి. మగవి ఎక్కువైతే తీసి పెట్టడానికి అది కావాల్సిందే. ఆరింటినీ ఒకే రోజు వదలండి. ఒకటొకటిగా తెస్తే ముందొచ్చినది ట్యాంకంతా తనదే అనుకుంటుంది.

అపోహ: ట్యాంకు పెద్దదైతే చాలు, కొట్టుకోవు.

లీటర్లు కావాలి గానీ అవే చాలవు. పఫర్ కంటితో వేటాడే చేప, రెండు కళ్లనూ వేటికవి తిప్పుకుంటుంది. ఈ చివర నుంచి ఆ చివర కనిపిస్తే అక్కడిదాకా వెళ్లి తరుముతుంది. అందుకని చూపు తెగాలి.

లీటర్ల లెక్క సులువు: పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 28తో హెచ్చవేయండి. ఒక్క పీ పఫర్‌కు నికరంగా 20 లీటర్లు చాలు, 30 ఉంటే నీళ్లు నిలకడగా ఉంటాయి. ఆరింటికి రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు పెట్టండి. అంచుదాకా 88 లీటర్లు, ఇసుకా రాళ్లూ పైన ఖాళీ పోగా 70 మిగులుతాయి. ఇంతకు తగ్గొద్దు.

లోపల పొడవాటి ఆకుల నీటిమొక్క వాలిస్నేరియాను గుత్తులుగా రెండు మూడు చోట్ల అడ్డుగోడల్లా నాటండి. జావా మాస్ అనే నాచు కట్టిన చెక్కముక్కలు మధ్యలో పెట్టండి. ట్యాంకు ముందు కూర్చుని చూసినప్పుడు ఒకేసారి ఆరు చేపలూ కనబడుతున్నాయంటే చాటు చాలలేదని అర్థం.

మేత కూడా రెండు మూడు చోట్ల వేయాలి. ఒకేచోట వేస్తే దొర ఒక్కడే తింటాడు.

తోక అంచు చినిగి ఉండటం, ఒంటి రంగు నల్లబడటం, ఫిల్టరు వెనకే దాక్కోవడం, మేతకు రాకపోవడం: వీటిలో ఏ రెండు కనబడినా ఆ రోజే కదలండి. దెబ్బ తిన్నదాన్ని కాదు, కొట్టేదాన్ని తీయండి. దాన్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో వేసి అదే ట్యాంకులో నాలుగు రోజులు తేలేయండి. ఈలోపు రాళ్లూ చెట్లూ చోటు మార్చండి. తిరిగి వదిలితే తన పాత హద్దులు కనబడవు, కొంత తగ్గుతుంది. తగ్గకపోతే వేరే ట్యాంకే.

అపోహ: చిన్నదే కదా, గప్పీలతో వేయొచ్చు.

వేయొద్దు. గప్పీ తోకలు వారంలో పీలికలవుతాయి. చిన్న రొయ్యల్ని తినేస్తుంది.

అపోహ: పఫర్ ఏదైనా సరే, గుప్పెడు కల్లుప్పు వేస్తే ఆరోగ్యం.

పీ పఫర్‌కు ఉప్పు అక్కర్లేదు. ఉప్పదనం కావాల్సినవాటికి కల్లుప్పు పనికిరాదు, అందులో సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, కార్బనేట్లు ఆ పాళ్లలో ఉండవు. మెరైన్ సాల్ట్ వాడాలి. ఫిగర్ ఎయిట్‌కు సాంద్రత 1.005 చాలు, అంటే లీటరుకు సుమారు 8 గ్రాములు. చేత్తో అంచనా వేయకుండా హైడ్రోమీటరుతో చూడండి.

అపోహ: మన బోరు నీళ్లు గట్టివి, పఫర్ బతకదు.

గట్టి నీళ్లకు పీ పఫర్ అలవాటు పడుతుంది. దాన్ని చంపేవి రెండు: నీళ్లలో ఒక్కసారిగా వచ్చే మార్పు, చేప వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా. ఇక్కడే మనవాళ్లు పోగొట్టుకుంటారు. బోరు నీళ్లలో పీహెచ్ 8 దగ్గర ఉంటే, పీహెచ్ 7తో పోలిస్తే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పది రెట్లు ఎక్కువ. నీళ్లు వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. పీహెచ్ 7 నీళ్లలో చేప తట్టుకునే కొంచెం అమ్మోనియా, మే నెల కర్నూలులో దాన్ని ముంచేస్తుంది. అందుకే ట్యాంకు పెట్టగానే చేప తేకండి. స్పాంజ్ ఫిల్టరు నడుపుతూ, చేప లేకుండానే చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి మళ్లీ సున్నాకు వచ్చేదాకా ఆగండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపాలిటీ నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేసి వాడండి.

ఎండాకాలంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు మళ్లీ బోరు నీళ్లే పోస్తారు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, లవణాలు అక్కడే ఉంటాయి. నెల తిరిగేసరికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, ఎక్కడికో పోతుంది. ఇంకినంత మేరకు ఆర్వో నీళ్లు పోయండి. వారం వారం మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లు. ఉప్పునీటి ట్యాంకుకూ ఇదే పద్ధతి.

పీ పఫర్‌కు 24 నుంచి 28 డిగ్రీలు హాయి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 32 డిగ్రీల దగ్గర 7.3కు తగ్గుతుంది. మూత తీసి, నీటి మీదకు చిన్న ఫ్యాను పెట్టండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు తేలిగ్గా దిగుతుంది. 75 లీటర్ల నీళ్లలో లీటరు ఐసు సీసా పూర్తిగా కరిగితే ఒకటిన్నర డిగ్రీ దాకా దించుతుంది. రెండు మూడు సీసాలు ఒకేసారి వేయకండి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఎండాకాలానికి ముందే కొని పెట్టుకోండి.

అపోహ: ఆకలేస్తే గుళికల మేత అదే తింటుంది.

చాలావరకు ముట్టదు, మాడి చస్తుంది. గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్‌లు (ఎర్రటి చిన్న నీటి పురుగులు) కరిగించి, వడగట్టి, డ్రాపరుతో వేయండి. పొట్ట కాస్త గుండ్రం కాగానే ఆపండి. మిగిలింది గంటలోపు తీసేయండి. నత్తలు తప్పనిసరి. పఫర్ పళ్లు ఆగకుండా పెరుగుతాయి, గట్టి గుల్ల కొరికితేనే అరుగుతాయి. రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తలు మంచివి. ట్రంపెట్ నత్త గుల్ల మరీ గట్టిది, పీ పఫర్‌కు వద్దు. పది లీటర్ల బకెట్‌లో ఉడికించిన పాలకూర, దోసకాయ ముక్క వేస్తే నత్తలు వాటంతటవే పెరుగుతాయి. కేసీ కాలువ గట్టున, వరిమళ్లలో ఏరిన నత్తల్ని నేరుగా వేయకండి, పురుగుమందులూ పరాన్నజీవులూ వెంట వస్తాయి.

బాగా తింటున్నా పొట్ట లోపలికి పోతుంటే కడుపులో పురుగులున్నట్టు. అంగళ్లకు వచ్చే పీ పఫర్లలో చాలావరకు నదుల్లో పట్టినవే, కాబట్టి ఇది మామూలు. కొత్తవాటిని నాలుగు వారాలు విడిగా ఉంచి చూడండి. పఫర్‌కు పొలుసులుండవు, రాగి కలిసిన మందులు అసలు వాడొద్దు.

అపోహ: ఉబ్బడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అప్పుడప్పుడు ఉబ్బించొచ్చు.

ప్రాణభయం వేస్తేనే ఉబ్బుతుంది. నీటి బయట ఉబ్బితే నీటికి బదులు గాలి మింగుతుంది, అది బయటికి రాక చేప తలకిందులుగా తేలుతూ చచ్చిపోవచ్చు. అందుకే వలతో పట్టకూడదు. గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీయాలి. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకుంటే ఒక్కో చేపను ఒక్కో కవరులో, రాత్రి ప్రయాణంలో పంపమనండి.

అపోహ: పెంచలేకపోతే కాలువలో వదిలేస్తే బతుకుతుంది.

కేసీ కాలువ, తుంగభద్ర పీ పఫర్ ఊరు కాదు. బతకలేకపోతే ఒక ప్రాణం పోతుంది, బతికితే అక్కడున్న చేపలకు కొత్త జబ్బులు అంటుకుంటాయి. ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రమాదంలో ఉన్నదిగా లెక్కించింది. తెచ్చిన అంగడికే తిరిగి ఇవ్వండి, లేదా ఖాళీ ట్యాంకు ఉన్న ఇంకో పెంపకందారుకు గ్లాసులో ముంచి, మూతపెట్టి అప్పజెప్పండి. ఎన్ని నత్తలు తింటుందో, మగదో ఆడదో, ఏ నీళ్లలో ఉందో ఒక చీటీ రాసి ఇవ్వండి.